గరుకు స్వరాల్లో దాగిన లయ

నెల్లూరు తీరంలో, మైపాడైనా కోడూరైనా, జాలర్లు పడవను తొందరపడి నీళ్లలోకి తోయరు. పెద్ద అలలు వరసగా విరిగాక సముద్రం కాస్త నెమ్మదించే అదను కోసం చూస్తారు. కొద్దిపాటి తేడాతో ఊగే అలల వరసలు రెండు కలిసినప్పుడు కాసేపు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, కాసేపు అణచుకుంటాయి. ఆ అదను అలా పుడుతుంది.

గాలిలో శబ్దతరంగాలకూ ఇదే సూత్రం. పియానో నడిమి 'సి' మెట్టు తీగ సెకనుకు 261.6 సార్లు కంపిస్తుంది, దాని పక్క నల్లమెట్టు తీగ 277.2 సార్లు. రెండూ ఒకేసారి నొక్కితే ధ్వని సెకనుకు 15, 16 సార్లు ఉబ్బి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను విస్పందనాలంటారు. ఇంత వేగాన్ని చెవి లెక్కపెట్టలేక గరుకుగా తీసుకుంటుంది, మనం అపస్వరమని తోసేస్తాం. గరుకుదనానికి మూలం ఈ విస్పందనాలేనని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లోనే వివరించాడు.

అదే జంటను ఒక స్థాయి కిందికి దించితే విస్పందనాలు సెకనుకు ఎనిమిదికి, ఇంకో స్థాయి దించితే నాలుగుకు తగ్గుతాయి. మూలస్వరంతో పాటు మోగే పై అనుస్వరాలు వేగంగా కొట్టుకుంటూనే ఉంటాయి గానీ, అడుగున గరుకుదనం దరువుగా మారుతుంది. అంటే అపస్వరమనేది చెవికి అందనంత వేగంగా నడిచే లయ!

అవాంట్‌గార్డ్ జాజ్ పియానో అందమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. పియానో మీద గమకం పలకదు, ఒక్కో తీగ బిగువు ముందే ఖాయమైపోయి ఉంటుంది. జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ పక్కపక్క మెట్లను కలిపి నొక్కి, ఆ రెంటి మధ్య లేని స్వరాన్ని స్ఫురింపజేశాడు. సెసిల్ టేలర్ (1929–2018) ఇంకా దూరం వెళ్లాడు. అరచేతులతో, మోచేతులతో స్వరాల గుత్తులనే మోగించాడు. 1966 నాటి 'యూనిట్ స్ట్రక్చర్స్' ఆల్బమ్ వింటుంటే 88 మెట్లూ డప్పులైపోయినట్టుంటుంది. దాన్ని గందరగోళమనడం అన్యాయం.

తబలాది దీనికి ఎదురు దారి. మామూలు చర్మవాద్యంలో అనుస్వరాలు పూర్ణసంఖ్యల వరసలో ఉండవు, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి కుదరదు. తబలా మధ్యనున్న నల్లపూత బరువు వాటిని దాదాపు 2, 3, 4, 5 రెట్ల దగ్గరికి లాగుతుందని, విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశాడు. తాళవాద్యానికి స్వరం వచ్చింది అలాగే.

ఈ రెండు దారులూ 2011లో వచ్చిన 'తీర్థ' ఆల్బమ్‌లో కలుస్తాయి. తబలా హైదరాబాదీ నితిన్ మిట్టది, గిటార్ ప్రసన్నది, పియానో విజయ్ అయ్యర్‌ది. అయ్యర్ యేల్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, లయను మన శరీరం ఎలా గ్రహిస్తుందన్న విషయం మీద 1998లో బర్కిలీలో డాక్టరేట్ తీసుకున్నాడు. మొదటిసారి వినేటప్పుడు బాణీ కోసం వెతక్కండి. పియానో ఎక్కడ దరువేస్తోందో, తబలా ఎక్కడ స్వరం పలుకుతోందో చూడండి. మంచి హెడ్‌ఫోన్లు కావాలి. ఫోన్ స్పీకర్‌లో కింది స్థాయి స్వరాలు సరిగా వినపడవు.