కంప్యూటరు భాషలయందు వాక్యవిన్యాసము

గద్వాల, వనపర్తి సంస్థానములు శాస్త్రపండితుల నాదరించిన తావులు. మొదటిదానికి విద్వద్గద్వాల యను ప్రసిద్ధియే కలదు. వ్యాకరణాభిమానము గల యట్టి సీమలలో "సంస్కృతమే కంప్యూటరునకుఁ దగిన భాష" యను మాట సులభముగా విశ్వసింపఁబడును. శిష్యులకుఁ జెప్పుటకు ముందు దీని నించుక పరీక్షింపవలయును.

"అతఁడు గద్వాలనుండి వనపర్తికిఁ బోయెను" అన్నను, "వనపర్తికి గద్వాలనుండి యతఁడు పోయెను" అన్నను నర్థము మాఱదు. విభక్తులే సంబంధమును దెల్పుచుండఁగాఁ బదముల వరుసకుఁ బని తక్కువ. సీ, పైథాన్ మొదలగు ప్రోగ్రామింగు భాషల రీతి వేఱు. వానియందు "క = ఖ" అని వ్రాసిన ఖ యొక్క విలువ క యందుంచఁబడును; తాఱుమాఱుగా వ్రాసిన ఫలమును దాఱుమాఱగును. అచ్చట విభక్తి చేయు పని స్థానము చేయును. తెఱచిన కుండలీకరణచిహ్న మొక్కటి మూయక విడిచినను బ్రోగ్రామంతయుఁ ద్రోసివేయఁబడును. వినువాఁడు మనుష్యుఁడైనచో లోపమును దానే పూరించుకొనును. యంత్రమున కా యధ్యాహారశక్తి లేదు.

ఆకాంక్షా యోగ్యతా సన్నిధులలో విన్యాసపరీక్ష యోగ్యతను జూడదు. "నిప్పుతోఁ దడుపుచున్నాఁడు" అను వాక్యమున విన్యాసదోషము లేనట్లే, పైథానునందు 5 నకు "రామ" అను పదమును గూడుమనుటయు విన్యాసముచే నిర్దుష్టమే. నడపునప్పుడు మాత్రము యోగ్యతాభంగముచే నిలిచిపోవును. కూడవలసినచోఁ దీసివేతగుర్తు వ్రాసినచో నా దోషమైనఁ గనఁబడదు, తప్పులెక్క వచ్చును. బోధకులు తఱచుగా మఱచు విషయ మిది.

విన్యాసమును సూత్రరూపమున వ్రాయు పద్ధతిని 1959లో జాన్ బాకస్ ఆల్గాల్ భాషకై చూపెను. 1960 నాఁటి ఆల్గాల్ నివేదికకు సంపాదకుఁడైన పీటర్ నౌర్ దానిని సంస్కరించి వాడెను. "సంఖ్య యనఁగా నంకె, లేదా సంఖ్య, దాని వెనుక నంకె" అను నొక్క నియమముచే నెంత పెద్ద సంఖ్యయైన సిద్ధించును. 1967లో ఇంగర్మన్ ఈ పద్ధతికిఁ బాణిని పేరును జేర్పవలెనని సూచించెను. సూచన యుచితమే, కాని రెండును సమములు కావు. బాకస్ నియమము ప్రక్కనున్నదానిని జూడదు. పాణిని యణాదేశమో, ఇక్కునకు అసవర్ణమైన యచ్చు పరమైనప్పుడే ప్రవర్తించును. అనఁగాఁ బరనిమిత్తమును గూడఁ జెప్పఁగల శక్తి పాణినీయమునకుఁ గలదు. ప్రత్యాహారములు, అనుబంధములు, అధికారములు, ఇవి యన్నియు భాషనుగూర్చి చెప్పుటకుఁ గల్పింపఁబడిన పరికరములు. కీర్తి యా కల్పనది. లోకవ్యవహారమందలి సంస్కృతమునది కాదు.

రిక్ బ్రిగ్స్ 1985లో వ్రాసిన వ్యాసమును శాబ్దబోధప్రక్రియకును, జ్ఞానమును యంత్రమునం దుంచు రీతికిని గల పోలికను జెప్పినదే కాని, సంస్కృతమునఁ బ్రోగ్రాములు వ్రాయవలెనని శాసింపలేదు. కారకసిద్ధాంత మక్కఱకు వచ్చిన చోటు వేఱు. అక్షర భారతి యను సమష్టినామముతోఁ బాటు వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ అనువారి పేర్లతో 1995లో వెలువడిన గ్రంథము, పదక్రమస్వేచ్ఛ గల భారతీయభాషల వాక్యములను యంత్రముచే విడఁదీయించుటకుఁ గారకములనే యాధారముగాఁ గొన్నది. గద్వాలనుండి వనపర్తికిఁ బోయినవాని వాక్యమును, బదము లెట్లు మాఱినను, నొక్కటిగా గుర్తించుటకు నట్టి పద్ధతియే తగును.