ఆరు సంకేతాలు, మూడు అక్షరాలు: హార్ఫ్‌బజ్ కథ

మక్తల్ అని కంప్యూటర్లో టైపు చేస్తే లోపలికి వెళ్లేవి ఆరు యూనికోడ్ సంకేతాలు: మ, క, పొల్లు, త, ల, మళ్లీ పొల్లు. యూటీఎఫ్-8 లెక్కలో 18 బైట్లు. తెర మీద కనబడాల్సినవి మాత్రం మూడే: మ, క్త, ల్. త వత్తు క కింద ఎక్కడ కూర్చోవాలి, చివరి ల మీద పొల్లు ఎలా కలవాలి అని తేల్చే పనిని షేపింగ్ అంటారు. నారాయణపేట జిల్లాలోని ఈ ఊరి పేరు లినక్స్ మీద, ఫ్రీబీఎస్‌డీ మీద, ఆండ్రాయిడ్ ఫోన్లో ఒకే తీరున పడుతోందంటే, చాలాచోట్ల ఆ పని చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ.

ఇంతకుముందు తెలుగుకు ఈ వసతి లేదు. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనబడేవి. యూనికోడ్ వచ్చాక అక్షరాల సంకేతాలైతే అందరికీ ఒకటయ్యాయి గానీ, వాటిని పేర్చి గీసే కోడు ఎవరిది వారిదే. గ్నోమ్ డెస్క్‌టాప్‌కి పాంగో, కేడీఈకి క్యూట్. రెండూ ఫ్రీటైప్ ప్రాజెక్టులో పుట్టిన ఓపెన్‌టైప్ కోడును తెచ్చుకుని, వేర్వేరుగా మార్చుకున్నవే. ఒకచోట దిద్దిన తప్పు రెండోచోట అలాగే మిగిలిపోయేది.

2006 ప్రాంతంలో ఈ రెండు పాయలనూ కలిపి హార్ఫ్‌బజ్ అని పేరు పెట్టారు. తర్వాత ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని మొదటి నుంచీ తిరగరాశాడు. 1.0 వెర్షన్ 2015లో వచ్చింది.

అక్షరాల నియమాలు ఎంత కష్టమో, ఆ కోడును అన్ని యూనిక్స్ తరహా వ్యవస్థల మీదా కంపైల్ చేయించడమూ అంతే కష్టం. ఆ వ్యవస్థలన్నిటికీ ఉమ్మడిగా 1988లో పోసిక్స్ ప్రమాణం వచ్చినా తేడాలు పోలేదు. క్యూసార్ట్-ఆర్ అనే ఫంక్షన్నే చూడండి. ఇచ్చిన జాబితాను వరుసలో పెట్టడం దాని పని. గ్నూ లైబ్రరీలో పోల్చే ఫంక్షన్‌ను ముందిచ్చి, అదనపు సమాచారాన్ని చివర ఇవ్వాలి. ఫ్రీబీఎస్‌డీలో 2023 దాకా ఆ వరుస తిరగబడి ఉండేది, మ్యాక్‌లో ఇప్పటికీ అంతే. పేరు ఒకటే, పని ఒకటే. లినక్స్ మీద సజావుగా నడిచిన ప్రోగ్రాం అక్కడ కూలుతుంది. హార్ఫ్‌బజ్ ఈ తగాదాలో దిగకుండా, సొంత సార్టింగ్ కోడును లోపలే పెట్టుకుంది. ఇది మంచి నిర్ణయం. ఎక్కడికెళ్లినా అదే కోడు నడుస్తుంది కాబట్టి పరీక్ష కూడా ఒక్కసారి చేస్తే సరిపోతుంది.

అన్నిటికీ ఈ ఉపాయం పనికిరాదు. రెండు థ్రెడ్లు ఒకే విలువను ఒకేసారి మార్చకుండా కాపాడే అటామిక్ ఆపరేషన్లను ప్రాసెసర్‌తో, కంపైలర్‌తో సంబంధం లేకుండా రాయలేం. అందుకే తొలి రోజుల హార్ఫ్‌బజ్‌లో ఒక ఫైలు నిండా షరతులే ఉండేవి: విండోస్ అయితే ఇది, ఆపిల్ అయితే అది, సొలారిస్‌కి ఒకటి, ఐబీఎం వారి ఏఐఎక్స్‌కి ఇంకొకటి. ఫాంటు ఫైలు చదవడంలోనూ అంతే. ఎమ్‌మ్యాప్ అనే ఫంక్షన్ ఉంటే ఫైలును నేరుగా మెమరీకి జతచేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుకుంటుంది.

ఏ వ్యవస్థలో ఏముందో కనిపెట్టే పద్ధతి అంతకుముందే ఉంది. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ చిన్న చిన్న ప్రోగ్రాములను కంపైల్ చేసి చూస్తుంది. ఎమ్‌మ్యాప్ దొరికితే ఆ సంగతి ఒక హెడర్ ఫైల్లో రాసిపెడుతుంది. లేని ఫంక్షన్లను పూరించడానికే గ్నూలిబ్ పుట్టింది. టార్, గ్రెప్ లాంటి పనిముట్లు దాని కోడును తమ సోర్సులోకే కాపీ చేసుకుంటాయి. హార్ఫ్‌బజ్ కూడా మొదట ఆటోకాన్ఫ్‌తోనే బిల్డ్ అయ్యేది, తర్వాత మెసాన్ అనే మరో బిల్డ్ పనిముట్టుకి మారింది. రెండూ వద్దనుకునే వారికి harfbuzz అనే పేరున్న ఒక్క సీ++ ఫైలు ఉంది, అది కంపైల్ చేసుకున్నా చాలు.

భారతీయ లిపుల ఫలితం సరైనదో కాదో చూడటానికి వికీపీడియా పాఠాల్లోని పదాలను తీసుకున్నారు. ఒక్కొక్క పదాన్నీ మైక్రోసాఫ్ట్ యూనిస్క్రైబ్ ఎలా పేర్చిందో, హార్ఫ్‌బజ్ ఎలా పేర్చిందో పోల్చారు. తెలుగు వికీపీడియాలో జీతం లేకుండా వ్యాసాలు రాసినవాళ్ల శ్రమ ఇలా కూడా పనికొచ్చింది.

2017 ఫిబ్రవరిలో వచ్చిన లిబ్రేఆఫీస్ 5.3తో ఫలితం కళ్లకు కట్టింది. అంతకుముందు అది విండోస్ మీద యూనిస్క్రైబ్‌నీ, మ్యాక్ మీద కోర్‌టెక్స్ట్‌నీ నమ్ముకునేది. అప్పటి నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌నే వాడుతోంది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దగ్గర కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, వాటి వెంట కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్, ఆపైన 'ఆ' గుణింతపు గుర్తు. ఈ వరుస మెసేజ్‌లో వస్తే యాప్ మూతపడేది. మామూలు జ్ఞాతో ఏ ఇబ్బందీ లేదు. లోపం ఆపిల్ సొంత కోర్‌టెక్స్ట్‌లో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఇలాంటి ప్రమాదం హార్ఫ్‌బజ్‌కి రాదనేమీ లేదు. వస్తే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. ఆ భయంతోనే గూగుల్ ఓఎస్‌ఎస్-ఫజ్ సేవ దానికి ఎడాపెడా తప్పుడు ఫాంట్లను మేపుతూ, ఎక్కడ తూలుతుందో వెతుకుతూ ఉంటుంది. మెమరీ తప్పులకు చోటివ్వని రస్ట్ భాషలోకి ఈ కోడును హార్ఫ్‌రస్ట్ పేరుతో తెస్తున్నారు. సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవడానికి పాత హార్ఫ్‌బజ్ పరీక్షలనే దాని మీద నడుపుతున్నారు.