కూలరు మోటారు లోపాలు

కూలరు మోటారు అనగా ఎయిర్ కూలరులో ఫ్యానును గానీ బ్లోయరును గానీ త్రిప్పే విద్యుత్ మోటారు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట, జగిత్యాల జిల్లాలోని కోరుట్ల వంటి చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. గాలి పొడిగా ఉండుటచే తడిగడ్డి గుండా వచ్చే గాలి బాగా చల్లబడుతుంది. అందుచే ఇక్కడ కూలర్లను విరివిగా వాడతారు.

నిర్మాణం

ఇది సాధారణంగా 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఒక్క వైండింగ్‌తో తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని కల్పించలేదు. అందువలన రెండవ వైండింగ్‌కు కెపాసిటరును కలుపుతారు. మెకానిక్కులు దీనిని కండెన్సర్ అంటారు. అమెరికాలో ఇళ్ళను వెచ్చబరచే ఫర్నేసుల బ్లోయర్లలోనూ చాలాకాలం ఈ రకం మోటార్లనే వాడారు.

లోపాల గుర్తింపు

మోటారు గుంయ్‌మని మ్రోగుతూ తిరగకుంటే, ప్లగ్గు తీసివేసి రెక్కలను చేతితో త్రిప్పి చూడాలి. సులువుగా తిరిగితే ముందుగా అనుమానించవలసినది కెపాసిటరునే. బిగుసుకొని ఉంటే లోపం బుష్ లేదా బేరింగులో ఉంటుంది. చలికాలమంతా మూలన పడి ఉన్న కూలర్లలో తేమకు తుప్పు పట్టి, నూనె ఎండిపోయి ఇలా జరుగుతుంది. కరెంటు ఉండగా రెక్కను కర్రతో నెట్టి తిప్పే అలవాటు ప్రమాదకరం. పైగా తిరగకుండా మ్రోగుతూ ఉన్న మోటారు వేడెక్కి, కొద్ది రూపాయల కెపాసిటరు లోపం కాస్తా వైండింగ్ కాలిపోయే వరకు వస్తుంది. నెమ్మదిగా తిరగడానికి బలహీనపడిన కెపాసిటరుతో పాటు లో వోల్టేజీ కూడా కారణమే.

శబ్దమే లేకుంటే ప్లగ్గు, స్విచ్చి, వైరు చూసిన తరువాతనే మోటారును విప్పాలి. కొన్ని మోటార్లలో వైండింగ్ లోపల థర్మల్ ఫ్యూజు ఉంటుంది. అది పోయినా మోటారు పలకదు. మాడిన వాసన వస్తే వైండింగ్ దెబ్బతిన్నట్లే. కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చును గనుక, ప్లగ్గు తీసిన వెంటనే దాని కొనలను తాకరాదు.

విద్యుద్ఘాతం

ఇనుప కూలరును తాకినపుడు షాక్ కొడితే అది మోటారు లోపమే కానక్కరలేదు. నీటిలో మునిగి ఉండే చిన్న పంపు నుండి కూడా విద్యుత్తు కారుతుంది. మెకానిక్కు ఒక్కొక్కదానిని విడదీసి పరీక్షిస్తాడు. అంతవరకు కూలరును వాడరాదు. నీళ్ళు పోసేటపుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చిన ఇంటిలో ఇటువంటి లీకేజీకి సరఫరా దానంతట అదే ఆగిపోతుంది.