ఇరుగుపొరుగు చెప్పే వైద్యం

మీకు నాలుగు రోజులుగా జ్వరం తగ్గలేదనుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు ఎవరిని అడుగుతారు? నిజం చెప్పండి. పక్కింటి పిన్నిగారినో, ఎదురింటి మాస్టారినో, వీధి చివర మందుల షాపతన్నో అడుగుతారు. "ఫలానా ఆయన హస్తవాసి మంచిది" అని వాళ్ళంటే అక్కడికే వెళతారు. చదువూ, ఉద్యోగం, ఇన్సూరెన్సూ ఉన్న మనమే ఇలా చేస్తుంటే, ఊరుకాని ఊరొచ్చి, చేతిలో ఏ కార్డూ లేక, భాష కూడా సరిగా రాని మనిషి ఏం చేస్తాడు? తానున్న బస్తీ ఏం చెబితే అదే చేస్తాడు.

హైదరాబాదులో మీ ఇంటి ఎదుట లేస్తున్న అపార్టుమెంటు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. ఇటుకలు మోసేవాళ్ళు పాలమూరు వాళ్ళు కావచ్చు, శ్రీకాకుళం వాళ్ళు కావచ్చు, ఒడిశా, బీహారుల నుంచి వచ్చినవాళ్ళూ కావచ్చు. అందరిదీ రోజుకూలి. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితమే గాని, అక్కడ వరుసలో నిలబడినందుకు పోయిన కూలి ఎవరిస్తారు? అందుకే పని దిగాక, సాయంత్రం ఏడు గంటలకు, బస్తీలో దీపం వెలుగుతున్న ఆర్.ఎం.పి. గదికి వెళతారు. ఆయన వాళ్ళ భాషలో పలకరిస్తాడు, అప్పు పెడతాడు, సూది వేస్తాడు. సూది వేయని డాక్టరు డాక్టరే కాదన్న నమ్మకం ఈనాటిది కాదు. ఇక నీరసమంటే సెలైను సీసా ఎక్కితే గాని తృప్తి ఉండదు. ఆ సీసాలో ఉండేదేమిటో తెలుసా? లీటరు నీళ్ళలో తొమ్మిది గ్రాముల ఉప్పు! నోటితో తాగగలిగిన మనిషికి దాన్ని నరం ద్వారా ఎక్కించి, ఒక రోజు కూలి గుంజుకోవడం అన్యాయం. కాని ఆ ఆర్.ఎం.పి.ని తిట్టి లాభం లేదు. ఆ వేళకు తెరిచి ఉన్నది ఆయన గదే.

అసలు చిక్కు క్షయ దగ్గర వస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ఈ మాట డాక్టర్లు ఎన్నేళ్ళుగానో చెబుతున్నారు. బస్తీ చెప్పేది వేరు. "సిమెంటు దుమ్ము", "బీడీలు మానెయ్", "ఈ ఊరి నీళ్ళు పడలేదు" అంటుంది. ఒక సీసా దగ్గు మందు, అయిదు రోజుల మాత్రలు వాడగానే కాస్త తగ్గినట్టుంటుంది. మళ్ళీ మొదలవుతుంది. ఈలోగా కిటికీ లేని ఒకే గదిలో అయిదుగురు పడుకుంటున్నారు కదా, ఆ గాలే అందరూ పీలుస్తున్నారు.

తెలిసినా చెప్పుకోరు. టి.బి. అని తెలిస్తే ఇంటివాడు గది ఖాళీ చేయిస్తాడని భయం. మేస్త్రీ రేపటి నుంచి రావద్దంటాడని భయం. దానికి తోడు హైదరాబాదులో ఛాతీ ఆస్పత్రీ, పిచ్చాసుపత్రీ రెండూ ఎర్రగడ్డలోనే ఉన్నాయి. ఆ పేరు చెబితే చాలు, పక్కవాళ్ళు నవ్వుతారు. రోగం నయం చేసే చోటు పేరే నోట పలకలేని పరిస్థితి!

సరే, ధైర్యం చేసి వెళ్ళాడు, మందులు మొదలుపెట్టాడు. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్ళు చేస్తుంది. అప్పుడు పక్కింటివాళ్ళు అందుకుంటారు: "బాగానే ఉన్నావుగా, ఇంకా ఆ వేడి మందులెందుకు?" సంక్రాంతికి ఊరెళతాడు, మాత్రలు ఇక్కడే మరిచిపోతాడు. సగంలో ఆపితే ఒంట్లో మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. తర్వాత చేసే వైద్యం ఇంకా కష్టం.

ఊరు మారేవాళ్ళకు తెలియవలసిన సంగతి ఒకటుంది. క్షయ మందులు ఏ రాష్ట్రం వారికైనా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. రోగి పేరు నిక్షయ్ అనే జాబితాలో నమోదవుతుంది. ముందే చెబితే ఆ నంబరు మీదే సొంత ఊళ్ళో మందులు ఇచ్చేలా మారుస్తారు. తిండికోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేస్తూ వచ్చారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు.

ఉండే చోటు మనిషి ఆరోగ్యాన్ని మారుస్తుందనడానికి అమెరికాలో పెద్ద రుజువే దొరికింది. 1994 నుంచి 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ నగరాల్లో ప్రభుత్వ గృహాల్లో ఉన్న పేద కుటుంబాలకు లాటరీ వేశారు. కొందరికి, పేదరికం తక్కువగా ఉన్న పేటల్లో అద్దెకుండడానికి సాయం చేశారు. పదేళ్ళు దాటాక చూస్తే, ఆ అవకాశం వచ్చిన స్త్రీలలో విపరీతమైన స్థూలకాయం, మధుమేహం కొంత తక్కువగా కనిపించాయి. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ స్త్రీలకు ఏ మందూ ఇవ్వలేదని గమనించండి!

మనం అందరినీ పేట మార్చలేం. ఉన్న పేట మాటను మార్చవచ్చు. బి.పి. సంగతే తీసుకోండి. "తల తిరగడం లేదుగా, మాత్రలెందుకు? మొదలుపెడితే జీవితాంతం వాడాలట" అని భయపెట్టేది ఇరుగమ్మే. అదే ఇరుగమ్మ తాను మాత్ర వేసుకుంటుంటే పొరుగమ్మను వెంటబెట్టుకుని వస్తుంది. 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాల వల్ల ఈ మేలు జరిగింది. నడిచి వెళ్ళే దూరం కనుక ఇద్దరు ముగ్గురు కలిసి వెళతారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్లకూ, పెద్ద జబ్బులకూ గాని, రోజూ వేసుకునే బి.పి. మాత్రకు కాదు. పై రాష్ట్రంవాళ్ళకు ఆ కార్డూ ఉండదు. వాళ్ళకు దగ్గరి దిక్కు ఈ దవాఖానాయే. అయితే ఇవి చాలావరకు పగటిపూటే పనిచేస్తాయి. నా మటుకు నాకు, ప్రతి వార్డులో ఒక్కటైనా రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచితే సగం సెలైను సీసాలు తగ్గుతాయనిపిస్తుంది.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికీ, మీ వాచ్‌మన్‌కూ పొరుగువారు మీరే. దగ్గు వినిపిస్తే "ఎన్నాళ్ళయింది?" అని అడగండి. ఒక పూట సెలవిచ్చి, ఆ పూట జీతం కోయకండి. టి.బి. అని తేలితే పనిలోంచి తీసేయకండి. మీరు ఒకరిని తీసేస్తే, ఆ వీధిలో మిగతావాళ్ళంతా దగ్గు దాచుకుంటారు. క్షయ గాలి ద్వారా వస్తుంది, కంచాలూ గ్లాసుల వల్ల రాదు. సరైన మందులు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకోమనండి, జీతం ఇవ్వండి. వాళ్ళ ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళనూ ఆస్పత్రిలో చూపించమనండి. జబ్బు లేదని తేలితే, రాకుండా ఉండేందుకు వాళ్ళకు కూడా మందు ఇస్తారు.