గోబర్ గ్యాసునకు పేడను సిద్ధపరచుట

పెరటిలో గోబర్ గ్యాసు ప్లాంటు ఉండియు పొయ్యి వెలుగని యిండ్లు కొన్ని కలవు. తొలుత చక్కగా మండిన గ్యాసు క్రమముగా సన్నగిల్లును. ఇల్లాలు మరల పిడకల పొగకు కన్నులొప్పగింపవలసి వచ్చును. తప్పు ప్లాంటుదని అందరును తలంతురు. కాని పెక్కుసారులు ఆ లోపము గోతిలో గాక, దానికి ముందున్న కలుపుడు తొట్టిలో నుండును.

మేతలో సులభముగా అరుగు భాగమును పశువే గ్రహించును. పేడలో మిగులునది చాలవరకు పీచు. అందలి లిగ్నిన్ అను గట్టి పదార్థము వలన ఆ పీచు మీథేన్ వాయువును పుట్టించు సూక్ష్మజీవులకు త్వరగా లొంగదు. పైగా గడ్డిపరకలు తేలి తెట్టుగా గట్టిపడి గ్యాసునకు అడ్డుపడును. ఇసుక అడుగున చేరి గోతిలోని చోటును హరించును. ఖాదీ గ్రామోద్యోగ సంఘము ప్రచారము చేసిన తేలు డ్రమ్ము ప్లాంటులో డ్రమ్మును త్రిప్పి తెట్టును చెదరగొట్టవచ్చును. 1984లో రూపొందిన దీనబంధు ప్లాంటులో కప్పు కదలదు. కనుక ముందు జాగ్రత్తయే శరణ్యము.

ఆ జాగ్రత్త యెట్టిది? తాజా పేడకు సమభాగము నీరు చేర్చి, ఉండలు లేకుండ కలుపవలెను. గడ్డిని, రాళ్ళను ఏరివేయవలెను. ఇసుక దిగువరకు ఆగి, పైనున్న పేడనీటిని మాత్రమే లోనికి విడువవలెను. వరిగడ్డి చేర్చదలచినచో సన్నగా నరికి, కొన్ని దినములు పేడనీటిలో నానవేయవలెను. నానుటచే పీచు మెత్తబడును.

సూక్ష్మజీవులకు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము హితము. 15 డిగ్రీలకు దిగువన గ్యాసు దాదాపు నిలిచిపోవును. కావున చలికాలమున నీటిని ఎండలో ఉంచి, మధ్యాహ్నమున కలుపుట మేలు. కోళ్ళ పెంటలో నత్రజని హెచ్చు. అది అమ్మోనియాగా మారి సూక్ష్మజీవులకు హాని చేయును. దానిని ఒంటరిగా వేయక, ఆవుపేడతో కలిపి కొద్దికొద్దిగా వాడవలెను. ఫినాయిలుతో కొట్టము కడిగిన నీటిని మాత్రము తొట్టి దరికి రానీయరాదు.

రెండు ఘనపు మీటర్ల ప్లాంటునకు దినమునకు సుమారు 50 కిలోల పేడ కావలెను. అంత పేడను ఎత్తి మోసి తెచ్చినవారు కలుపుటలో కొంత ఓపిక చూపినచో, ఆ శ్రమ వంటకు గ్యాసుగను, పొలమునకు ఎరువుగను ఫలించును.