రోజుకో ప్రశ్న, ఇంటికో కబురు



మా స్త్రీల వార్డులో ఉదయ ప్రార్థన అయ్యాక నల్లబల్ల మీద ఒక ప్రశ్న రాస్తాము. జవాబు చెప్పినవారు తమ ఇంటి కబురొకటి కూడా చెప్పాలి.

ఒక సోమవారం ప్రశ్న: గర్భిణులకిచ్చే ఫోలిక్ ఆమ్లం వెనుక ఉన్న తెలుగువారెవరు? యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో ఆయన బృందమే 1945లో దాన్ని తయారుచేసింది. జవాబు చెప్పిన కోడలు, తన మరిది పదో తరగతి పాసయ్యాడని చెప్పి అందరినీ సంతోషపెట్టింది.

మర్నాటి ప్రశ్న: విరేచనాలయ్యే బిడ్డకు నీళ్లు మాన్పించాలా? "మాన్పించాలి, మా మనవడికి రాత్రి నుంచి మాన్పించాము" అందొక పెద్దమ్మ. సిస్టర్ వెంటనే వాళ్లింటికి ఫోను చేయించింది. కళ్లు గుంటలు పడి, మగతగా ఉన్న బిడ్డను తీసుకొచ్చారు. సెలైన్ పెట్టాము. దేవుని దయవల్ల మూడోనాటికి ఆడుకున్నాడు.

గుర్తుంచుకోండి:
- నీళ్లు, తల్లిపాలు మాన్పించవద్దు.
- ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును, దానిమీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. 24 గంటల్లో వాడండి.
- ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. కొలత తలగొట్టినదై ఉండాలి.
- డాక్టరు చెప్పిన జింకు మందు 14 రోజులు వాడండి.
- మగత, మూత్రం రాకపోవడం, విరేచనంలో రక్తం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

మీ కుటుంబ ప్రార్థన తర్వాత కూడా ఇలా ఒక ప్రశ్న వేసుకోండి. అందరి కబురూ అడగండి. చాలా జబ్బులు కబుర్లలోనే ముందుగా బయటపడతాయి.

– నర్సింగ్ సూపరింటెండెంట్