65,536 ఎందుకంత ప్రత్యేకం?

65,536కు కారణాంకాలు 17. 1, 2, 4, 8... ఇలా రెట్టింపవుతూ చివరికి 65,536 దాకా. అన్నీ కూడితే 1,31,071. ఇది ప్రధాన సంఖ్య, కాబట్టి దీని కారణాంకాలు రెండే: 1, మళ్లీ అదే. ఆ రెండూ కూడితే 1,31,072. మొదటి సంఖ్యకు సరిగ్గా రెట్టింపు!

ఇలాంటివాటిని 1969లో ‘సూపర్ పర్ఫెక్ట్’ సంఖ్యలుగా పరిచయం చేసింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయ గణితవేత్త డి. సూర్యనారాయణ.

2ను 2తో గుణించుకుంటూ పోతే వచ్చేవన్నీ ఇంతేనా? కాదు. 8నే చూడండి. 1+2+4+8=15. కానీ 15ను 3, 5 కూడా భాగిస్తాయి. దాంతో రెండో మొత్తం 16 కావాల్సింది కాస్తా 24 అయిపోతుంది. కిటుకంతా మొదటి మొత్తం ప్రధాన సంఖ్య కావడంలోనే ఉంది. సరి సంఖ్యలకు వేరే దారి లేదని సూర్యనారాయణే నిరూపించారు.

బేసి సంఖ్యల్లో అలాంటిది ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. ఉంటే గింటే అది వర్గ సంఖ్యే అయి ఉండాలి.